నదీతీరపు వేళ్ళు, ఫ్రెంచి కొమ్మలు: నయాగరా ద్రాక్షతోటల వెంట ఒక కాలిబాట
కాలిబాటల చరిత్ర – ఏడవ భాగం

ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల మీదుగా, నదుల వెంబడి సాగే దూరపు నడకకు 1947లో ఒక వ్యవస్థ ఏర్పడిన తీరును, ఓర్లియాన్ పట్టణం దగ్గర లువార్ నది ఒడ్డున తొలి ‘గ్రాండ్ రాందొనె’ బాటకు తెలుపు ఎరుపు గుర్తులు పడిన వైనాన్ని గత భాగం వివరించింది. ఆ బాటలకు ఆధారమైనవి అప్పటికే తరతరాలుగా వాడుకలో ఉన్న పల్లె దారులు. గోదావరి జిల్లాల్లో పుంత అనీ, కృష్ణా గుంటూరు ప్రాంతాల్లో డొంక అనీ పిలిచే దారుల మాదిరిగా వాటిలో చాలా భాగం ఊరుమ్మడి సొత్తు కాబట్టి, గుర్తులు వేయడమే తప్ప నడిచే హక్కును కొత్తగా సంపాదించవలసిన అవసరం అక్కడి నడక సంఘాలకు అంతగా రాలేదు. కెనడాలో ఆ వెసులుబాటు లేదు. ఒంటారియో ప్రావిన్స్ దక్షిణ భాగంలో, ఈరీ సరస్సుకూ ఒంటారియో సరస్సుకూ మధ్య చాచుకొని ఉన్న నయాగరా ద్వీపకల్పంలోని నేల 18వ శతాబ్దం చివర గొలుసులతో కొలిచి, గళ్ళుగా విడదీసి, వలస వచ్చినవారికి పంచి ఇచ్చినది. అక్కడ తోటకూ తోటకూ మధ్య ఉమ్మడి బాట ఉండదు, కంచె ఉంటుంది.

అయినప్పటికీ నేడు క్వీన్‌స్టన్ నుంచి గ్రిమ్స్‌బీ దాకా ఒక మనిషి కాలినడకన, ఒకవైపు వాగులూ జలపాతాలూ, మరోవైపు రీస్లింగ్, షార్దొనే, పినో న్వార్ వంటి ఐరోపా ద్రాక్షతోటలూ కనిపిస్తుండగా రోజుల తరబడి నడవగలుగుతున్నాడు. ఈ బాట ఎలా ఏర్పడిందన్నది ఒక కథ, దాని పక్కన ఫ్రెంచి ద్రాక్ష ఎలా నిలదొక్కుకుందన్నది మరొక కథ. రెండూ దాదాపు ఒకే అర్ధశతాబ్దంలో, ఒకే కొండవాలు మీద నడిచినా, వైన్ చరిత్రకారులు బాటను, నడక సంఘాలవారు ద్రాక్షను పెద్దగా పట్టించుకోలేదు. కలిపి చదివితే తప్ప, ఈ నేలకూ ఫ్రాన్స్‌కూ మధ్య నూటయాభై ఏళ్ళుగా సాగిన రాకపోకల అసలు స్వరూపం తెలియదు.

ముందుగా నేల సంగతి. ఈ ప్రాంతానికి వెన్నెముక ‘నయాగరా ఎస్కార్ప్‌మెంట్’. ఒకవైపు నిట్టనిలువుగా తెగి, రెండోవైపు మెల్లగా వాలిపోయే పొడవాటి రాతి గట్టును భూగర్భశాస్త్రం ఎస్కార్ప్‌మెంట్ అంటుంది. ఒంటారియోలో ఈ గట్టు క్వీన్‌స్టన్ దగ్గర మొదలై, హామిల్టన్ మీదుగా ఉత్తరానికి తిరిగి, హ్యూరన్ సరస్సులోకి పొడుచుకొని ఉన్న బ్రూస్ ద్వీపకల్పం కొసన టోబర్‌మోరీ వరకు సుమారు 725 కిలోమీటర్లు సాగుతుంది. నలభై కోట్ల ఏళ్ళకు పూర్వం ఇక్కడ వెచ్చని లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న బురద మెత్తని షేల్ రాయిగానూ, పగడాలూ గవ్వలూ గట్టిపడి డోలమైట్ అనే గట్టి సున్నపురాయి జాతి శిలగానూ మారాయి. పైనున్న గట్టి రాయి కింద మెత్తని రాయి తొందరగా అరిగిపోవడం, ఆధారం పోయిన పై రాయి విరిగి పడటం అనే ప్రక్రియే ఈ నిట్టనిలువు అంచుకు కారణం. నయాగరా జలపాతం వెనక్కి జరుగుతూ రావడానికీ అదే కారణం. సుమారు 12 వేల ఏళ్ళ కిందట ఆ జలపాతం క్వీన్‌స్టన్ వద్ద గట్టు అంచునే పుట్టి, రాతిని తొలుచుకుంటూ 11 కిలోమీటర్లు వెనక్కి జరిగి ఇప్పుడున్న చోటికి చేరింది. ఈ వ్యాసంలో చెప్పుకొనే కాలిబాట సరిగ్గా ఆ జలపాతం పుట్టిన చోటనే మొదలవుతుంది.

మంచుయుగం ముగిసే వేళ, కరిగిన నీరు ఇప్పటి దారిన బయటికి పోలేక, ఇప్పటి ఒంటారియో సరస్సు కంటే ఎంతో ఎత్తున మరొక సరస్సు నిలిచింది. శాస్త్రజ్ఞులు దానికి ఇరోక్వా సరస్సు అని పేరు పెట్టారు. ఆ సరస్సు అలలు గట్టు పాదాన్ని కోసి, మట్టి మేటవేసి, గట్టుకూ పల్లపు మైదానానికీ మధ్య మెట్టులాంటి నేలను మిగిల్చాయి. దీన్నే అక్కడివారు ‘బెంచ్’ అంటారు. గట్టు నుంచి రాలిన సున్నపురాతి ముక్కలూ, షేల్, బంకమట్టీ కలిసిన ఈ మెట్టు ఉత్తరానికి వాలి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ద్రాక్షకు దక్షిణపు వాలే మేలన్నది పాఠ్యపుస్తకాల మాట కాగా, ఇక్కడ ఉత్తరపు వాలు పనికివచ్చిందంటే దానికి కారణం సరస్సు. ఒంటారియో సరస్సు అత్యధిక లోతు 244 మీటర్లు. అంత నీరు వేసవిలో వేడిని దాచుకొని శరత్కాలంలో మెల్లగా విడిచిపెడుతుంది, చలికాలంలో కూడా పూర్తిగా గడ్డకట్టదు. సరస్సు మీది గాలి ఒడ్డుకు వీచి, నూరు మీటర్లకు పైగా లేచిన గట్టును తాకి, పైకి మళ్ళి తిరిగి సరస్సు వైపు పోవడంతో బెంచ్ మీద గాలి ఒకచోట నిలవదు. బరువైన చల్లగాలి వాలు వెంట దిగజారి పల్లానికి పోతుంది. వసంతంలో సరస్సు చల్లదనం చిగురును ఆలస్యం చేసి చివరి మంచు దెబ్బ నుంచి కాపాడుతుంది, శరత్తులో దాని వెచ్చదనం కాయ పండటానికి మరికొన్ని రోజులు ఇస్తుంది.

ఈ గట్టును చీల్చుకొని సరస్సులోకి దిగే వాగుల పేర్లు వినడానికి మైలురాళ్ళలా ఉంటాయి. ఫోర్ మైల్ క్రీక్, ట్వెల్వ్ మైల్ క్రీక్, సిక్స్‌టీన్ మైల్ క్రీక్, ట్వంటీ మైల్ క్రీక్, ఫార్టీ మైల్ క్రీక్ అని సరస్సు ఒడ్డున నయాగరా నది ముఖద్వారం నుంచి ఎన్ని మైళ్ళకు ఆ వాగు వస్తుందో దాన్నిబట్టి వలసదారులు వాటికి పేర్లు పెట్టుకున్నారు. ఇప్పటి గ్రిమ్స్‌బీ పట్టణం ఒకప్పుడు కేవలం ‘ది ఫార్టీ’. పెన్సిల్వేనియా నుంచి బండ్ల మీద వచ్చిన మెన్నొనైట్ అనే శాంతివాద క్రైస్తవ శాఖవారు 1799 ప్రాంతంలో స్థిరపడిన ఊరు ‘ది ట్వంటీ’. అంతకు ముందు శతాబ్దాల తరబడి ఇక్కడ నివసించి, మొక్కజొన్నా పొగాకూ పండించిన స్థానిక జాతిని ఫ్రెంచివారు ‘న్యూట్రల్’ అని పిలిచారు. 17వ శతాబ్దం మధ్యలో యుద్ధాల్లో ఆ సమాఖ్య చెదిరిపోయింది గాని, గట్టు వెంట నడిచే దారిని మొదట కాళ్ళతో గీసినది వారే.

ఆ దారుల మీద నడిచినవారిలో చరిత్రకు ఎక్కిన పేరు లారా సెకార్డ్. 1812 యుద్ధంలో అమెరికా సేన క్వీన్‌స్టన్‌ను ఆక్రమించి ఉండగా, శత్రువు తలపెట్టిన దాడి సమాచారం తెలుసుకున్న ఆమె, గాయపడి మంచాన ఉన్న భర్తను ఇంట్లో విడిచి, 1813 జూన్ 22న బయలుదేరి, సెయింట్ డేవిడ్స్ మీదుగా ట్వెల్వ్ మైల్ క్రీక్ లోయ పట్టుకొని, గట్టు ఎక్కి, డిక్యూ అనే ఆయన ఇంట్లో మకాం వేసిన బ్రిటిష్ అధికారి ఫిట్జ్‌గిబ్బన్‌కు కబురు చేర్చింది. దారిలో ఆమెకు ఎదురై, ఆమెను గమ్యానికి చేర్చినవారు మోహాక్ యోధులు. రెండు రోజుల తరువాత బీవర్ డామ్స్ వద్ద జరిగిన పోరులో అమెరికా దళాన్ని లొంగదీసినదీ ప్రధానంగా స్థానిక జాతుల యోధులే. ఆ నడకకు రెండువందల ఏళ్ళు నిండిన 2013లో ఆమె పేరున 32 కిలోమీటర్ల బాటను గుర్తించారు. ఆమె నడిచిననాడు అడవీ బురదా ఉన్న సెయింట్ డేవిడ్స్ దగ్గర నేడు ఆ బాట ద్రాక్షతోటల పక్కగా పోతుంది.

ఇక ద్రాక్ష విషయం. ఈ వాగుల ఒడ్డున నడిచేవారికి జూన్ నుంచి అక్టోబరు వరకు ఒక అడవి తీగ కనిపిస్తూనే ఉంటుంది. ఎల్మ్, యాష్ చెట్ల కొమ్మలకు నులితీగలు చుట్టుకొని పైదాకా పాకి, రంపపు అంచులున్న వెడల్పాటి ఆకుల మాటున బఠాణీ గింజంత నల్లని కాయలు కాస్తుంది. కాయ మీద బూడిద పూత ఉంటుంది. నోట్లో వేసుకుంటే పుల్లదనానికి పళ్ళు జివ్వుమంటాయి, గింజ తప్ప గుజ్జు ఉండదు. వృక్షశాస్త్రంలో దీని పేరు వైటిస్ రిపేరియా, అంటే నదీతీరపు ద్రాక్ష. మైనస్ 30 డిగ్రీలు దాటిన చలికి కూడా చావని ఈ తీగను తోటమాలులు కలుపుమొక్కగా చూస్తారు. నడిచేవారు దీన్ని ఆగి చూడకుండా దాటిపోతారు. నయాగరాకూ ఫ్రాన్స్‌కూ మధ్య కథ మొత్తం ఈ తీగ చుట్టూ తిరుగుతుంది కనుక, ఈ వ్యాసం దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది.

ఉత్తర అమెరికాలో అడవి ద్రాక్షకు లోటు లేదు. 1535లో సెయింట్ లారెన్స్ నదిలో ప్రయాణించిన ఫ్రెంచి నావికుడు జాక్ కార్తియే, ఇప్పటి క్యూబెక్ నగరానికి ఎదురుగా ఉన్న దీవి నిండా తీగలు చూసి దానికి ద్రాక్షాసవపు దేవత పేరున బాకస్ దీవి అని పేరు పెట్టాడు. తరువాత అదే ఓర్లియాన్ దీవి అయింది. కానీ చూడటానికి పుష్కలంగా ఉన్న ఆ ద్రాక్షతో మంచి వైన్ రాలేదు. ఐరోపా నుంచి తెచ్చి నాటిన వైటిస్ వినిఫెరా, అంటే వేల ఏళ్ళుగా సాగులో ఉన్న అసలు వైన్ ద్రాక్ష, చలికీ తెగుళ్ళకూ కారణం తెలియకుండానే చచ్చిపోయేది. అందుచేత 19వ శతాబ్దంలో ఒంటారియోలో స్థిరపడినవి స్థానిక లబ్రస్కా జాతి నుంచి వచ్చిన కాంకర్డ్, కటావ్బా, నయాగరా రకాలు. కెనడాలో వాణిజ్యపరంగా తొలి వైన్ చేసినవాడుగా సాధారణంగా చెప్పుకొనే జర్మన్ మాజీ సైనికుడు యోహాన్ షిల్లర్ తోట కుక్స్‌విల్‌లో ఉండేది. ఆ కుక్స్‌విల్ ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు కాపురముండే మిస్సిస్సాగా నగరంలో ఒక పేట. షిల్లర్ తరువాత ఆ తోటను సాగుచేసిన కౌంట్ జస్టిన్ ద కోర్తెనే ఒంటారియో వైన్‌ను 1867 పారిస్ ప్రదర్శనకు పంపాడు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఫ్రాన్స్‌లో, రోన్ నది దిగువ తోటల్లో, తీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు జూల్ ఎమీల్ ప్లాంషాన్, అతని సహచరులు చచ్చిన తీగను వదిలి, చావబోతున్న తీగ వేళ్ళను తవ్వి భూతద్దం పెట్టి చూడగా పసుపుపచ్చని పేలు గుంపులుగా కనిపించాయి. ఫిలోక్సెరా అని పేరుపడిన ఈ వేరుపేను ఉత్తర అమెరికా నుంచి మొక్కలతోపాటు ఓడలెక్కి వచ్చినదే. అమెరికా జాతుల తీగలు దానితో లక్షల ఏళ్ళు కలిసి బతికినవి కనుక వాటి వేళ్ళకు అది పెద్దగా హాని చేయదు. ఐరోపా తీగకు మాత్రం మందు లేని జబ్బు. మందులూ నీటి ముంపులూ విఫలమయ్యాక మిగిలిన దారి ఒక్కటే అయింది. అమెరికా జాతి తీగను వేరుమూలంగా నాటి, దాని మీద ఫ్రెంచి కొమ్మను అంటు కట్టాలి. రిపేరియా కోతలు నేలలో సులువుగా వేళ్ళు పోస్తాయి, అంటుకు సులువుగా అతుకుతాయి. ‘రిపేరియా గ్లువార్’ అనే ఎంపిక రకమూ, రిపేరియాను ఇతర జాతులతో కలిపి సృష్టించిన 3309, ఎస్ఓ4 వంటి వేరుమూలాలూ ఫ్రాన్స్ తోటలను మళ్ళీ నిలబెట్టాయి. బుర్గుండీలోనో, బోర్డోలోనో తోటల మధ్య నడిచే యాత్రికుడి కళ్ళకు కనిపించే ఆకూ గుత్తీ ఫ్రాన్స్‌వే అయినా, వాటిని మోసే వేళ్ళలో చాలావరకు సముద్రం దాటి వచ్చిన ఈ నదీతీరపు తీగ సంతతి ఉంది. తెలుగు నేల కూడా ఈ కథకు పూర్తిగా వెలుపల లేదు. ఉప్పునీటినీ కరువునూ తట్టుకోవడానికి దక్కనులో ద్రాక్ష రైతులు వాడే డాగ్‌రిడ్జ్ వేరుమూలం కూడా అమెరికా జాతే.

ఫ్రెంచివారు అంటుతో ఆగలేదు. వేరు బలమూ పండు రుచీ ఒకే మొక్కలో ఉండాలన్న ఆశతో అమెరికా, ఐరోపా జాతులను కలిపి వందలాది సంకర రకాలు సృష్టించారు. పిరనీస్ పర్వతాలకు చేరువలోని లాంద్ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసిన ఫ్రాంస్వా బాకో 1902లో స్థానిక ఫోల్ బ్లాంష్ రకాన్ని రిపేరియాతో కలిపి చేసిన ‘బాకో న్వార్’ వాటిలో ఒకటి. ఫ్రాన్స్‌లో ఇటువంటి సంకరాలు కొన్నాళ్ళు విరివిగా పండినా, తరువాత ప్రభుత్వ నియమాలు వాటిని నాణ్యమైన వైన్ల జాబితా నుంచి క్రమంగా తొలగించాయి. పుట్టింట చోటు దొరకని ఆ రకాలకు నయాగరా చోటిచ్చింది.

అది జరగడానికి ముందు ఒంటారియో వైన్ ఒక దుర్దశ దాటవలసి వచ్చింది. 1916లో వచ్చిన ఒంటారియో టెంపరెన్స్ చట్టం మద్యాన్ని నిషేధించినా, ద్రాక్ష రైతుల ఒత్తిడి వల్ల స్థానిక ద్రాక్షతో చేసిన వైన్‌ను మినహాయించింది. నిషేధంలో ఒక్క కిటికీ తెరిచి ఉంచితే జనం మొత్తం ఆ కిటికీ దగ్గరే గుమిగూడతారన్నది 1990ల నడుమ ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధం చూసినవారికి చెప్పనవసరం లేదు. 1927లో నిషేధం ముగిసేనాటికి పది దాకా ఉన్న వైన్ కర్మాగారాలు యాభై దాటాయి. పంచదారా నీళ్ళూ పోసి పెంచిన ఆ సరుకు నాణ్యత హీనం. ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఆపివేసింది, ఉన్నవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ తరువాతి నాలుగు దశాబ్దాలు నయాగరా అంటే కాంకర్డ్ ద్రాక్షతో చేసిన, తియ్యని, ఘాటైన పోర్ట్, షెర్రీ నకళ్ళు మాత్రమే. లబ్రస్కా జాతికి మిథైల్ ఆంత్రనిలేట్ అనే రసాయనం వల్ల వచ్చే ముతక పరిమళం జామ్‌కూ రసానికీ బాగుంటుంది గాని, భోజనంతో తాగే వైన్‌కు కుదరదు.

మార్పుకు బీజం వేసినవాడు ఆదెమార్ ద షోనాక్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు. 1933లో బ్రైట్స్ అనే వైన్ కంపెనీని కొన్న హారీ హాచ్ ఆయనను పనిలో పెట్టుకోగా, 1946లో ఆయన ఫ్రాన్స్ నుంచి సంకర రకాలనూ, కొన్ని వినిఫెరా రకాలనూ తెప్పించి నయాగరాలో నాటించాడు. ఆయన పేరున ఒక సంకర ద్రాక్షకు ‘ద షోనాక్’ అని పేరు నిలిచింది. బాకో న్వార్ కూడా ఇలాగే వచ్చింది. నది ఒడ్డున పుట్టిన రిపేరియా ఫ్రాన్స్‌కు వెళ్ళి, అక్కడి పంతులు చేతిలో ఫ్రెంచి రకంతో కలిసి, మళ్ళీ నది ఒడ్డుకే తిరిగి చేరింది. షార్ట్ హిల్స్ వాలులోని తోటల్లో నేటికీ దానికి మంచి పేరుంది.

తోటల్లో ఈ నిదానమైన మార్పు జరుగుతుండగా గట్టు మీద మరొక ఆలోచన మొలకెత్తింది. హామిల్టన్‌లోని స్టెల్కో ఉక్కు కర్మాగారంలో లోహశాస్త్ర నిపుణుడుగా పనిచేస్తూ ప్రకృతి అధ్యయనం మీద మక్కువ పెంచుకున్న రే లోస్, గట్టు మొదలు నుంచి చివర వరకు ఒకే కాలిబాట ఉండాలని ఒంటారియో ప్రకృతి అధ్యయన సంఘాల సమాఖ్య ముందు ప్రతిపాదించాడు. 1960 సెప్టెంబరు 23న లోస్, ఫిలిప్ గాస్లింగ్, నార్మన్ పియర్సన్, రాబర్ట్ మెక్‌లారెన్ అనే నలుగురితో బ్రూస్ ట్రెయిల్ కమిటీ తొలిసారి కూర్చుంది. చేతిలో డబ్బు లేదు, చట్టం లేదు, అంగుళం నేల లేదు. గట్టు అంతా వందలాది ప్రైవేటు యజమానులది. గాస్లింగ్ ఊరూరా తిరిగి రైతుల గుమ్మాల ముందు నిలబడి, తమ పొలం అంచున జనాన్ని నడవనివ్వమని అడిగాడు. నడిచేవారు గేట్లు మూస్తారనీ, కంచెలు విరగ్గొట్టరనీ, పంట ముట్టరనీ మాట ఇచ్చాడు. చాలామంది ఒప్పుకున్నారు. అధిక భాగం ఒప్పందాలకు కాగితం లేదు, చేతిలో చెయ్యి వేయడమే ఒప్పందం.

ఈ బాట చరిత్రలో అత్యంత గౌరవించదగిన విషయం ఇదే. ఫ్రాన్స్‌లో శతాబ్దాల వాడుక ఇచ్చిన హక్కును ఇక్కడ ఇరుగుపొరుగువారి నమ్మకం మీద కూడబెట్టారు. 1963లో బ్రూస్ ట్రెయిల్ సంఘం నమోదైంది, బాట వెంట తొమ్మిది స్థానిక క్లబ్బులు ఏర్పడి తమ తమ భాగాలను పంచుకున్నాయి. కెనడా సమాఖ్యకు నూరేళ్ళు నిండిన 1967లో టోబర్‌మోరీ వద్ద రాతి స్తూపం ఆవిష్కరించి బాట పూర్తయినట్టు ప్రకటించారు. నేడు ప్రధాన బాట 900 కిలోమీటర్ల పైచిలుకు, కెనడాలో గుర్తులు వేసిన కాలిబాటల్లో అతి పాతది. చెట్టు బోదె మీద నిలువు తెల్లగీత కనిపిస్తే తిన్నగా పోవాలి, ఒకదాని మీద ఒకటిగా రెండు గీతలుంటే పై గీత ఏ వైపు జరిగి ఉంటే ఆ వైపు మళ్ళాలి. నీలిగీత పక్కబాటకు గుర్తు. కంచె అడ్డం వచ్చినచోట గేటుకు బదులు ‘స్టైల్’ ఉంటుంది. కంచెకు ఇరువైపులా మెట్లు దిగేలా కొట్టిన చిన్న చెక్క నిచ్చెన అది. మనిషి ఎక్కి దిగగలడు గాని పశువు దాటలేదు. క్లబ్బు సభ్యులు జీతం లేకుండా ఆ నిచ్చెనలు కొట్టారు, వాగుల మీద పలకలు వేశారు, ఏటా గీతలకు కొత్త రంగు వేస్తున్నారు.

మాట మీద నిలిచిన బాట మాటతోనే పోవచ్చు. పొలం చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని కాదంటే బాట రోడ్డు పక్కకు మళ్ళవలసి వచ్చేది. నడిచేవాడు కాలు జారి పడితే పరిహారం తామిచ్చుకోవాలేమోనన్న భయం రైతులకు ఉండేది. 1980లో ఒంటారియో తెచ్చిన చట్టం, వినోదం కోసం రుసుము లేకుండా బాట మీద నడిచేవారి విషయంలో యజమాని బాధ్యతను బాగా తగ్గించడంతో ఆ భయం కొంత తీరింది. ఆ తరువాత సంఘం విరాళాలతో నేలను కొని శాశ్వతంగా కాపాడే పద్ధతికి మళ్ళి, 2007లో బ్రూస్ ట్రెయిల్ కన్సర్వెన్సీగా పేరు మార్చుకుంది. అయినా నేటికీ బాటలో కొంత భాగం రైతుల అనుమతి మీదే నడుస్తోంది.

గమనించవలసినదేమిటంటే, 1967లో ఈ బాట తెరుచుకున్నప్పుడు దాని కింద ఉన్నవి ఎక్కువగా కాంకర్డ్ తోటలూ, పీచ్, చెర్రీ తోటలే. ద్రాక్షతోటల అందం కోసం వేసిన బాట కాదిది. గొప్ప ద్రాక్ష దాని పక్కకు తరువాత వచ్చి చేరింది. 1975లో డొనాల్డ్ జిరాల్డో, కార్ల్ కైజర్ నెలకొల్పిన ఇన్నిస్కిల్లిన్‌కు ఒంటారియో ప్రభుత్వం దాదాపు అర్ధశతాబ్దంలో తొలి కొత్త వైన్ లైసెన్సు ఇచ్చింది. అల్జీరియాలో పుట్టి, ఫ్రాన్స్‌లో చదివి, 1963లో కెనడా వచ్చిన పాల్ బాస్క్ 1978లో షాటో దే షార్మ్ స్థాపించి, చలికి బతకదని అందరూ చెప్పిన వినిఫెరానే నాటాడు. మోజెల్ నదీలోయకు చెందిన జర్మన్ మొక్కల వ్యాపారి హెర్మన్ వైస్ 1979లో వైన్‌లాండ్ దగ్గర బెంచ్ మీద రీస్లింగ్ నాటగా, ఇంచుమించు అదే సమయంలో లెన్ పెన్నకెట్టి కుటుంబం బీమ్స్‌విల్ బెంచ్ మీద కేవ్ స్ప్రింగ్ తోట వేసింది. ఆ తోటకు పైన, గట్టు అంచు వెంట, తెల్లగీతల బాట అప్పటికే ఉంది.

చలిని వీరు ఎలా గెలిచారన్నది తోట పనిలో తెలుస్తుంది. మైనస్ 20 డిగ్రీలు దాటితే వినిఫెరా మొగ్గలు చావడం మొదలవుతుంది, ఇంకా దిగితే బోదె చీలుతుంది. అందుకని శరత్తులో నాగలితో మట్టిని తీగ మొదలుకు ఎగదోసి, అంటు కట్టిన ముడిని మట్టి కప్పుతారు. పైభాగం చచ్చినా ముడి పైనుంచి కొత్త చిగురు రావాలన్నది ఉద్దేశం. వసంతంలో ఆ మట్టిని మళ్ళీ లాగివేస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ వంటి రకాలను ఎత్తైన పందిళ్ళ మీదకు ఎక్కించి, చలి నిద్ర లేని నేల గనుక ఏడాదికి రెండు కత్తిరింపులు చేస్తే, నయాగరాలో నడుమెత్తు ఇనుప తీగలకు కట్టి, నిద్రపోతున్న తీగను చలికాలం చివర ఒక్కసారే కత్తిరిస్తారు. ఫిబ్రవరిలో బాట మీద నడిచేవారికి మోకాలి లోతు మంచులో ఒక్కో తీగ ముందూ నిలబడి కత్తెర వేసే మనుషులు కనిపిస్తారు. ఒక తీగకు ఏ రెండు కొమ్మలు ఉంచాలో ఏ పది కొట్టివేయాలో నిర్ణయించే ఆ నైపుణ్యంలోనే వచ్చే ఏటి పంట ఉంటుంది. వసంతం నుంచి శరత్తు వరకు తోట పనిలో పెద్ద పాలు 1966లో జమైకాతో మొదలై 1974లో మెక్సికోకు విస్తరించిన కాలానుగుణ వ్యవసాయ కార్మికుల పథకం కింద ఏటా వచ్చి పోయేవారిది. సీసా మీద వారి పేరు ఉండదు. ఈ తోటల చరిత్ర రాసేవారు వారిని ఒక వాక్యంతో దాటవేయడం అన్యాయం. తీగ తీగకూ వారి చేయి తగలనిదే ఈ ప్రాంతపు వైన్‌లో ఒక్క చుక్క కూడా లేదు.

1988 నయాగరాకు గండంలా కనిపించింది. అమెరికాతో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్ల కాలిఫోర్నియా వైన్ చవకగా రానుండటంతో, ప్రభుత్వం పరిహారం ఇచ్చి వేలాది ఎకరాల లబ్రస్కా, నాసిరకం సంకర తోటలను పీకించింది. ఖాళీ అయిన నేలలో కొంత భాగంలో వినిఫెరా వచ్చింది. అదే ఏడాది వైన్ మూలప్రాంతానికీ నాణ్యతకూ హామీ ఇచ్చే వీక్యూఏ అనే వ్యవస్థ ఫ్రెంచి అపెలాసియోఁ పద్ధతి నమూనాగా ఏర్పడి, 1999లో చట్టబద్ధమైంది. 2005లో ఆ వ్యవస్థ నయాగరా ద్వీపకల్పాన్ని పది ఉపప్రాంతాలుగా విడదీసింది. ట్వంటీ మైల్ బెంచ్, షార్ట్ హిల్స్ బెంచ్, ఫోర్ మైల్ క్రీక్ అని వాటిలో కొన్నిటికి గట్టూ వాగుల పేర్లే పెట్టారు. బాట మీద నడిచేవాడు ఒక్కో వాగు దాటినప్పుడల్లా ఇంచుమించు ఒక ఉపప్రాంతం నుంచి మరొకదానిలోకి అడుగుపెడతాడు.

ఫ్రాన్స్‌తో రాకపోకల్లో మరొక మలుపు ఐస్‌వైన్. తీగ మీదే కాయను గడ్డకట్టనిచ్చి, మైనస్ 8 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగిన రాత్రి కోసి, గడ్డకట్టిన కాయను అప్పటికప్పుడు పిండితే నీరు మంచుగా తొక్కల్లో మిగిలి, చిక్కని తేనెలాంటి రసం కొద్దిగా కారుతుంది. ఇన్నిస్కిల్లిన్‌లో 1983లో చేసిన తొలి ప్రయత్నంలో పంటను పక్షులు తినిపోయాయి, మరుసటి ఏడు వలలు కప్పి సాధించారు. వాడిన ద్రాక్ష విదాల్. కొన్యాక్ బ్రాందీ కోసమని ఫ్రాన్స్‌లో జాన్ లూయీ విదాల్ సృష్టించిన సంకర రకం అది. తొక్క మందం కావడంతో డిసెంబరు, జనవరి గాలులకు కూడా గుత్తి రాలదు. ఫ్రాన్స్‌లో ఆదరణ దక్కని ఆ సంకర ద్రాక్షతో చేసిన 1989 పంట ఐస్‌వైన్ 1991లో బోర్డోలో జరిగిన విన్‌ఎక్స్‌పోలో అత్యున్నత పురస్కారం గెలుచుకుంది. అయినా ఐరోపా సమాఖ్య తన విపణిలోకి కెనడా ఐస్‌వైన్‌ను అనుమతించడానికి 2001 దాకా పట్టింది. 2003లో కుదిరిన ఒప్పందంతో కెనడా తన వంతుగా షాంపేన్, షాబ్లీ, పోర్ట్, షెర్రీ వంటి ఐరోపా పేర్లను తన సీసాల మీద వాడటం క్రమంగా మానుకునేందుకు అంగీకరించింది. నకలు పేర్లతో బతికిన ప్రాంతం తన వాగుల పేర్లతో బతకడం నేర్చుకుంది.

ఈ మొత్తం కథకు ప్రమాదం చలి నుంచో వేరుపేను నుంచో కాక, ఇళ్ళ నుంచీ రోడ్ల నుంచీ వచ్చింది. 1939లో ప్రారంభమైన క్వీన్ ఎలిజబెత్ వే రహదారి సరస్సుకూ గట్టుకూ మధ్య పండ్ల తోటల నడుమ నుంచే వెళ్ళింది. దాని వెంట పట్టణాలు విస్తరించాయి. భూగోళశాస్త్రజ్ఞుడు రాల్ఫ్ క్రూగర్ 1950ల చివరనే కెనడాలో అతి అరుదైన పండ్ల నేల ఎంత వేగంగా కరిగిపోతున్నదో లెక్కగట్టి హెచ్చరించాడు. 1976లో స్థానికులు సాగు నేలల పరిరక్షణ సంఘాన్ని స్థాపించి, పట్టణాల హద్దులను తోటల మీదకు జరపకుండా ఏళ్ళ తరబడి విచారణల్లో వాదించారు. 1973లో వచ్చిన ఒక చట్టమూ, దాని కింద 1985లో వచ్చిన ప్రణాళికా గట్టుకు రక్షణ ఇచ్చాయి. 1990లో యునెస్కో దాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. 2005 గ్రీన్‌బెల్ట్ చట్టం నయాగరాలోని పండ్ల, ద్రాక్ష నేలలను ప్రత్యేకంగా పేర్కొని వాటిని కట్టడాల నుంచి కాపాడింది. నడిచేవారు గట్టు కోసం, రైతులు బెంచ్ కోసం వేర్వేరుగా పోరాడినా, ఇద్దరూ కాపాడుకున్నది ఒకే వాలు.

ఆ రక్షణ ఎంత సులువుగా సడలగలదో ఇటీవలే తెలిసివచ్చింది. 2022 నవంబరులో ఒంటారియో ప్రభుత్వం ఇళ్ళ నిర్మాణం పేరుతో 15 చోట్ల సుమారు 7,400 ఎకరాలను గ్రీన్‌బెల్ట్ నుంచి తొలగించే ప్రతిపాదన తెచ్చి, ప్రజల నిరసనను లెక్కచేయక అమలు చేసింది. వాటిలో గ్రిమ్స్‌బీ నేలలు కూడా ఉన్నాయి. ఆ ఎంపిక జరిగిన తీరును తప్పుపడుతూ ప్రావిన్స్ ఆడిటర్ జనరల్ నివేదిక వెలువడ్డాక, 2023 సెప్టెంబరులో ముఖ్యమంత్రి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాడు, ఏడాది చివర తొలగించిన నేలలను తిరిగి చేరుస్తూ చట్టం వచ్చింది.

ఇక పైన చెప్పుకొన్న ఐస్‌వైన్ విషయానికి వస్తే, కెనడాలో దాన్ని నిజానికి మొదట తయారుచేసినది నయాగరాలో కాదు. పడమటి కొసన, బ్రిటిష్ కొలంబియాలోని ఒకనాగన్ లోయలో, వాల్టర్ హైన్లే అనే జర్మన్ వలసదారు 1970లలోనే దాన్ని చేశాడు. ఆ లోయలో ద్రాక్షతోటల పైన నడిచే బాటను వేసినవారు రైతులు కారు, నడక సంఘాలూ కావు, రైల్వే ఇంజనీర్లు. పట్టాలు పీకివేసిన కెటిల్ వాలీ రైలుమార్గం కాలిబాటగా మారిన తీరును వచ్చే భాగం పరిశీలిస్తుంది.

(సశేషం)